విశ్వం మీద గురువారం పాఠం

గౌరవనీయులైన డీన్‌గారూ, విద్యా మండలి సభ్యులారా, లల్లా జకియ్యా, జర్రాయా కుటుంబ సభ్యులారా, విద్యార్థులారా, కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద సర్దుకున్న స్ఫాక్స్ పట్టణ మిత్రులారా,

సీ తుహామీ జర్రాయా మనల్ని విడిచి నేటికి నలభై రోజులు. నలభయ్యో రోజున మనం కూడుకుంటాము, పోయినవారి గురించి మంచి మాటలు చెప్పుకుంటాము, ఆ తరువాత కుస్కుస్ తింటాము. మొదటి రెండు విషయాల్లో సీ తుహామీకి కొన్ని అభ్యంతరాలు ఉండేవి. మూడో విషయంలో ఆయన ఏనాడూ ఎవరితోనూ విభేదించలేదు.

ఈ సభలో మాట్లాడే బాధ్యతను విద్యా మండలి కార్యదర్శినైన నాకు అప్పగించారు. సంతాపం తెలియజేయడంలో నాకు ప్రత్యేకమైన అర్హత ఉన్నదని కాదు, ఈ హాలు తాళాలు నా దగ్గర ఉంటాయని. హాలును మనకు సూర్యాస్తమయపు మగ్రిబ్ నమాజు పిలుపు వరకే కేటాయించారు. ఆ తరువాత చేపల ఎగుమతిదారుల సంఘం వారి వార్షిక సమావేశం. వారు ఇప్పటికే వరండాలో ఉన్నారు. తలుపు సందులోంచి నడుమ నడుమ ఒక తల కనిపిస్తే దయచేసి దానిని సానుభూతిగా స్వీకరించండి. కిటికీలు ఎందుకు దడదడలాడుతున్నాయని అడుగుతారేమో, బయట ఎడారి వైపు నుంచి షహీలీ గాలి మొదలైంది. మూద్దామంటే ఉక్క, తెరుద్దామంటే ఇసుక. ఈ విషయంలో కూడా విద్యా మండలి ఏ నిర్ణయానికీ రాలేకపోయింది.

మిత్రులారా, మనం ఏం కోల్పోయాం?

అధికారికంగా ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంది. పరిపాలనా విభాగం వారి లెక్కలో మనం ఒక ప్రొఫెసర్ పోస్టును, ఒక కుర్చీని, వారానికి రెండు గంటల బోధనను కోల్పోయాం. కుర్చీ ఆచూకీ తెలిసింది. అది చాలా ఏళ్లుగా ఖగోళ విభాగంలో ఉంది. ఎలా వెళ్లిందో కాసేపట్లో మనవి చేస్తాను. పోస్టు తిరిగి రాదు. మిగిలింది ఆ రెండు గంటలు. నేను మాట్లాడవలసింది వాటి గురించే.

ఆ పాఠం పేరు 'విశ్వం, ప్రకృతి, మనస్సు'. ప్రతి గురువారం మధ్యాహ్నం జరుగుతుంది. సర్వమూ నీరేనన్న తొలి గ్రీకుల దగ్గర బయలుదేరి, ఆకాశాన్ని ఒకదానిలో ఒకటి ఇమిడిన గోళాలుగా ఊహించినవారి మీదుగా, ఆ గ్రంథాలను బాగ్దాదులో మన అరబ్బీ భాషలోకి తెచ్చినవారి మీదుగా, కార్దోబా న్యాయమూర్తి దాకా, అక్కడి నుంచి మన కాలం దాకా నడిచే పాఠం అది. ఈ మూడింటి గురించి మనిషి ఏమనుకున్నాడు, ఎందుకు అనుకున్నాడు, అనుకున్నదాన్ని ఎందుకు మార్చుకున్నాడు? అంతే. ఆ గదిలో ఏ ప్రశ్నా ఏనాడూ తేలలేదు. తేలకుండా సీ తుహామీ తగిన జాగ్రత్తలు తీసుకునేవారు.

నలభయ్యో రోజు దాకా పోయినవారి వస్తువును మనం కదపము. పడక కదపము, తలుపు మీది పేరు తీయము. పరిపాలనా విభాగం వారు ఈ ఆచారాన్ని అక్షరాలా పాటించారు. అందుకు వారికి మనం కృతజ్ఞులం. ఆచారం గడువు ఈ సాయంత్రంతో తీరిపోతుంది. రేపు ఉదయం విద్యా మండలి సమావేశం. మొదటి అంశం, మరుగుదొడ్ల మరమ్మతు. రెండో అంశం, 'విశ్వం, ప్రకృతి, మనస్సు' రద్దు.

డీన్‌గారికి ఆ పాఠం మీద కోపం లేదు. ఈ విషయం సభాముఖంగా స్పష్టం చేయడం నా ధర్మం. ఆయన కోపమంతా ఖాళీగా ఉన్న గడి మీద. శాశ్వత అధ్యాపకుడు లేని పాఠం టైంటేబుల్లో ఉండరాదని నియమం. అది పోతే దానితోపాటు ఫర్దౌస్ కమ్మూన్ కూడా పోతుంది. మూడో వరుసలో చివర కూర్చున్నది ఆమే. ఆ పాఠానికి సహాయకురాలిగా తప్ప ఈ కళాశాలలో ఆమెకు మరో స్థానం లేదు. సీ తుహామీ మరణించిన వారం నుంచి, ఎవరూ చెప్పకుండానే, ప్రతి గురువారమూ ఆ గదికి వెళ్లి పాఠం నడుపుతున్నది ఆమే. పరిపాలనా విభాగం వారి నివేదికలో ఆమె ప్రస్తావన గౌరవంగానే ఉంది: 'సదరు సమయంలో గదిలో కనిపించిన వ్యక్తి.'

ఇక సీ తుహామీ గురించి.

ఆయన గురించి మాట్లాడాలంటే ముందు సీ అబ్దుస్సత్తార్ త్రీకీ గురించి మాట్లాడాలి. ముందు వరుసలో, నడవ పక్కన కూర్చున్నారు. ఆయన మన విద్యా మండలిలో పెద్దవారు. ఏ అంశం మీదనైనా మిగతా సభ్యులు చేయి ఎత్తే ముందు ఆయన చేయి ఎటు ఉన్నదో చూసుకుంటారు. ఆయనా సీ తుహామీ చిన్ననాటి నుంచీ స్నేహితులు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఒకే గదిలో కూర్చున్నారు. ఆ గదిలో ఒక మూల విశ్వానికి మొదలు లేదు, మరో మూల విశ్వానికి మొదలు ఉంది. మధ్యలో కాఫీ కెటిల్.

మొదలు లేదన్నవారు సీ తుహామీ. మొదలు ఉన్నది, మొదలున్నదానికి చివర కూడా ఉంటుందన్నవారు సీ అబ్దుస్సత్తార్. మన ప్రాంతంలో ఈ వివాదం వెయ్యేళ్లకు పైబడినది. ఇందులో గ్రంథాలు తగలబడ్డాయి, పదవులు పోయాయి, ఊళ్లు వదిలివెళ్లినవారున్నారు. ఆ గదిలో మాత్రం కెటిల్ ఒక్కటే రెండుసార్లు పగిలింది.

"ఏమయ్యా తుహామీ, మొదలే లేకపోతే ఇవాళ్టిదాకా ఎలా వచ్చాం? లెక్కలేనన్ని రోజులు గడిస్తే గానీ ఇవాళ రాదు. లెక్కలేనివి గడిచేదెప్పుడు?" అని ఒకరు అడుగుతారు.

"మొదలుంటే, దానికి ముందు రోజు ఆ పైనున్నాయన ఏం చేస్తున్నాడు? అది చెప్పు, ఇది నేను చెబుతా," అని మరొకరు అంటారు.

"ముందు రోజే లేదు."

"అయితే ఆలస్యమెందుకు చేశాడు?"

కారిడార్‌లో వెళ్లేవారు ఇది విని, ఎవరో అద్దె ఇంటి తగాదా అనుకునేవారు.

వీరిద్దరూ కలిసి ప్రశ్నపత్రం తయారుచేసిన ఏడాది ఒకటి ఉంది. ప్రశ్న ఒక్కటే: విశ్వానికి మొదలు ఉన్నదా, లేదా? జవాబు పత్రాలు ఇద్దరూ దిద్దాలి. అంతకు ముందే విద్యార్థులకు ఒక రహస్యం తెలిసిపోయింది. సీ తుహామీ తనను ఖండించినవాడికి ఎక్కువ మార్కులు వేస్తారు. ఎవడైనా తన మాటే తనకు అప్పజెబితే అంచున 'ఇది నాకు తెలుసు' అని రాసి పాస్ మార్కుతో వదిలేస్తారు. విద్యార్థులు తెలివైనవారు. స్ఫాక్స్ పిల్లలు, పెట్టుబడి ఎక్కడ పెట్టాలో పుట్టుకతో తెలిసినవారు. ఆ ఏడాది తరగతి మొత్తం, ఒక్కరు కూడా మిగలకుండా, సీ తుహామీని ఖండించింది.

ఆయన ఆ కట్ట చంకన పెట్టుకుని నా గదికి వచ్చారు. కూర్చోలేదు. కిటికీ దాకా వెళ్లారు, తలుపు దాకా వచ్చారు, మళ్లీ కిటికీ దాకా వెళ్లారు.

"చూశావా కార్యదర్శీ, అందరూ నన్ను ఎదిరించారు. ఒకే వరసలో, ఒకే మాటల్లో. ఇంత విధేయత నేను నా జీవితంలో చూడలేదు," అన్నారు.

అందరినీ ఫెయిల్ చేశారు. తల్లిదండ్రులు వచ్చారు, తండ్రులు గొంతు పెంచారు, ఒక మేనమామ వార్తాపత్రికకు రాశాడు. మళ్లీ పరీక్ష పెట్టవలసి వచ్చింది. ఈసారి ప్రశ్న మారింది: మీ అభిప్రాయం ఏమిటో నాకు అక్కరలేదు, ఏం జరిగితే దాన్ని మార్చుకుంటారో రాయండి. ఆ పరీక్షలో ఎక్కువమంది ఖాళీ కాగితాలు ఇచ్చారు. అందులో కొందరు చాలాసేపు ఆలోచించి ఖాళీగా ఇచ్చారని, వారికి మార్కులు వేయాలని సీ తుహామీ పట్టుబట్టారు. ఎవరు ఆలోచించి ఖాళీగా ఇచ్చారో, ఎవరు ఊరికే ఖాళీగా ఇచ్చారో ఎలా తెలుస్తుందని మండలి ప్రశ్నించింది. "కళ్లు చూశాను," అన్నారు. మినిట్స్‌లో దానిని 'సంతృప్తికరమైన వివరణ ఇవ్వలేదు' అని నమోదు చేశాము.

మిత్రులారా, ఇప్పుడు కుర్చీ సంగతి.

కొన్నేళ్ల క్రితం మన కళాశాలలో హేతుబద్ధీకరణ సంఘం అని ఒకటి పనిచేసింది. ఒకే పనిని రెండు చోట్ల చేయరాదన్నది దాని ఆశయం. ఆ సంఘం సీ తుహామీ పాఠాన్ని పరిశీలించి, పేరులో మూడు మాటలున్నాయని, ఆ మూడు విషయాలనూ వేరే సంస్థలు ఇప్పటికే చూసుకుంటున్నాయని కనుగొన్నది. విశ్వాన్ని ఖగోళ విభాగం చూస్తున్నది. ప్రకృతిని వ్యవసాయ కళాశాల చూస్తున్నది. మనస్సును ఊరి బయటి మానసిక చికిత్సాలయం చూస్తున్నది. కనుక పాఠాన్ని మూడుగా విడదీసి ఆయా సంస్థలకు అప్పగించవలసిందిగా ఉత్తర్వులు వెళ్లాయి. ఆ సంఘం ఇప్పుడు లేదు. అదే పని మరో సంఘం కూడా చేస్తున్నదని తేలి రద్దయింది.

మేమంతా సీ తుహామీని పోరాడమన్నాము. సీ అబ్దుస్సత్తారైతే ఫిర్యాదు పత్రం కూడా రాసి తెచ్చారు.

"పోట్లాట ఎందుకయ్యా? ఇన్నాళ్లూ ఒక్క గదిలో చెప్పాను. మూడు చోట్ల చెప్పమంటున్నారు. నాకిది ప్రమోషన్," అని సీ తుహామీ కుర్చీ నెత్తిన పెట్టుకుని ఖగోళ విభాగానికి బయలుదేరారు. నిజంగా నెత్తిన పెట్టుకునే. ఇక్కడున్నవారిలో ఆ దృశ్యం చూసినవారు కొందరున్నారు.

ఖగోళ విభాగంలో ఆయన పాత గోళాల గురించి చెప్పారు. ఒక్కో గోళాన్నీ తిప్పడానికి ఒక్కో బుద్ధి ఉన్నదని, ఆ బుద్ధి పైదానిని ప్రేమించి తిరుగుతున్నదని పూర్వులు నమ్మారన్నారు. యువ శాస్త్రజ్ఞులు నవ్వారు. "నవ్వండి, తప్పే. కానీ వాళ్లు ఎందుకు తిరుగుతోందని అడిగారు. మీరు ఎంత వేగంగా తిరుగుతోందని అడుగుతున్నారు. మీ ప్రశ్నకు జవాబుంది, అందుకే ధీమాగా ఉన్నారు," అన్నారు. "ధీమా ఎక్కడిది ప్రొఫెసర్‌గారూ, మా దూరదర్శిని పాడై మూడేళ్లయింది," అని విభాగాధిపతి అన్నారు. "అయితే మీరూ మేమూ ఒకటే," అని సీ తుహామీ కుర్చీని అక్కడే వదిలేసి వచ్చారు. స్నేహ సూచకంగా కావచ్చు. తిరుగు ప్రయాణంలో ఎండ ఎక్కువై కావచ్చు.

వ్యవసాయ కళాశాలలో ఆలివ్ తోట మధ్య నిలబడి, ప్రకృతి ఏ పనినీ ఊరికే చేయదన్న పాత గురువు మాట చెప్పారు. ఈ చెట్టు మన కోసమే కాస్తోందా, తన కోసం కాస్తోందా అని అడిగారు. మహరస్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, వాళ్లది తాతల నాటి తోట, "మా కోసమే అయితే ఏడాది తప్పించి ఏడాది ఎందుకు ఎగ్గొడుతుంది సార్?" అన్నది. "మరి తన కోసమేనంటావా?" "తన కోసమే అయితే ఒక ఏడాది అంత విరగ్గాసి కొమ్మలు ఎందుకు విరగ్గొట్టుకుంటుంది?" సీ తుహామీ ఆ రోజు తోటలో చీకటి పడేదాకా తిరుగుతూనే ఉన్నారట. మరునాడు నేనూ ఉండగా వారి గదిలోకి వచ్చి, "ఎవరి కోసమూ కాదేమో, సత్తార్," అన్నారు. "ఏది?" "ఏదీ." సీ అబ్దుస్సత్తార్ ఒక్క క్షణం భయపడ్డారని నాకు అనిపించింది. వెంటనే కెటిల్ పెట్టారు.

చికిత్సాలయంలో మాత్రం చిన్న పాలనాపరమైన ఇబ్బంది ఎదురైంది. మన ఉత్తర్వులో 'మనస్సు విషయమై ప్రొఫెసర్ తుహామీ జర్రాయాను తమ వద్దకు పంపడమైనది' అని ఉంది. వారు వారి పద్ధతి ప్రకారం ఆయనకు మంచం కేటాయించారు. ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఆయన వెళ్లింది మనస్సు విషయమై అన్నది వాస్తవం కదా. మధ్యాహ్నం రోగులతో తోటలో కూర్చుని పాఠం చెప్పారు. ఒక మనిషిని ఉన్నపళంగా గాలిలో సృష్టించారనుకోండి, కళ్లు మూసి ఉన్నాయి, చేయి చేతికి తగలదు, ఏ చప్పుడూ లేదు. తాను ఉన్నానని వాడికి తెలుస్తుందా? ఇది బుఖారా వైపు వైద్యుడు ఒకాయన అడిగిన ప్రశ్న. అక్కడున్న ఒక మాజీ కస్టమ్స్ అధికారి, "నన్నడగండి ప్రొఫెసర్‌గారూ. సూది వేశాక రోజూ అక్కడే ఉంటాను. ఉన్నానని తెలుస్తుంది. ఎవర్నో తెలియదు. కిందికి దిగాక వీళ్లు చెబుతారు," అన్నారు. సీ తుహామీ ఆయనను మూడు గంటలు వదల్లేదు. అక్కడ చీకటిగా ఉంటుందా, అసలు చీకటి అన్న మాట గుర్తుంటుందా, భయం ఉంటుందా, భయం ఎవరిది? చివరికి ఆ అధికారే, "ఇక చాలు సార్, నన్ను నా గదికి పోనివ్వండి, మీరు మాకంటే ఎక్కువ," అన్నారు.

సాయంత్రం ఇంటికి బయలుదేరబోతే ద్వారం దగ్గర ఆపేశారు. ఈ వ్యక్తి మామూలుగానే ఉన్నాడని బాధ్యత గల వారెవరైనా సంతకం చేయాలన్నారు. కబురు సీ అబ్దుస్సత్తార్‌కు వెళ్లింది. ఆయన వచ్చారు, చూశారు, సంతకం చేశారు. డాక్టరు మర్యాద కోసం, "ఇబ్బందేమీ లేదు కదండీ ఈయనకు?" అని అడిగారు.

"పిచ్చేమీ లేదు డాక్టర్. పొరపాటు అంతే. ఇరవై ఏళ్లుగా అదే పొరపాటు," అన్నారు సీ అబ్దుస్సత్తార్.

పాఠం మళ్లీ ఒక్క గదికి ఎలా తిరిగి వచ్చిందని అడుగుతారేమో. మూడు సంస్థలూ దానిని విడివిడిగా తిప్పి పంపాయి. మూడు లేఖల్లోనూ కారణం దాదాపు ఒకటే. ఆయన వచ్చి వెళ్లాక తమ సిబ్బంది పని మానేసి మాట్లాడుకుంటున్నారు.

తలుపు దగ్గరి పెద్దమనిషికి మనవి. ఇంకా వ్యవధి ఉంది. సూర్యుడు ఇంకా ప్రాకారం మీదే ఉన్నాడు.

మిత్రులారా, సంతాప సభలో ఓదార్పు చెప్పడం ఆనవాయితీ. నేను ఆయన పాఠాల్లో ఓదార్పు కోసం వెతికాను. ఒక గురువారం దొరికినది మరో గురువారం ఆయనే ఖండించి ఉన్నారు. ఆత్మ నిలిచి ఉంటుందని రుజువు చేశారు. తరువాతి వారం ఆ రుజువులో రంధ్రం చూపించారు. మరణం మనకు ఏమీ కాదన్న వారి వాదం చెప్పారు. తరువాతి వారం, "అలా అన్నవాడు భార్య పోయాక ఏమన్నాడో ఎవరూ రాసిపెట్టలేదు," అన్నారు. మరి ఆయన దేనిని నమ్మారు? నలభై రోజులుగా ఈ ప్రశ్న నన్ను కూర్చోనివ్వడం లేదు. పడుకోనివ్వడం లేదు. తర్కశాస్త్రం చెప్పేవాడిని, ప్రశ్నకు రెండు కొమ్మలు గీసి ఒకటి కొట్టేయడం నా వృత్తి. ఆయన విషయంలో ఏ కొమ్మ కొట్టేసినా అది మళ్లీ చిగురిస్తోంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఆయన ఒక మాట అన్నారు, దానిని ఆ తరువాత ఏ గురువారమూ ఖండించలేదు. అది చెబుతాను.

పోయిన ఏటి ఈద్. ఉపవాసాలు ముగిసిన ఉదయం. ఆ రోజు మన ఊళ్లో షాపుల తలుపులన్నీ మూసి ఉంటాయి, ఇళ్లన్నిటిలో ఉప్పుచేప, షర్మూలా వాసన వేస్తుంటుంది. ఆ ఏడు పండుగ డ్యూటీ సీ తుహామీ శ్రీమతి లల్లా జకియ్యా మందుల షాపుకు పడింది. ఊళ్లో షాపులన్నీ మూసినా వంతు ప్రకారం ఒకటి తెరిచి ఉండాలి కదా. అందుకని సీ తుహామీ చేపనూ, ఎండుద్రాక్షా ఉల్లిపాయా ఉడికించిన షర్మూలా గిన్నెనూ పట్టుకుని షాపుకే వెళ్లారు. ప్రతి ఈద్‌కూ వారి ఇంట్లోనే తినే సీ అబ్దుస్సత్తారూ అక్కడికే వచ్చారు. నేను శుభాకాంక్షలు చెప్పడానికి వెళ్లి అక్కడే ఉండిపోయాను. కౌంటర్ మీద దగ్గు సిరప్పుల పక్కన గిన్నె పెట్టుకుని నలుగురం తిన్నాము.

కార్దోబా న్యాయమూర్తి ప్రస్తావన వచ్చింది. మనుషులందరికీ కలిపి మనస్సు ఒక్కటేనని, మనం ఒక్కొక్కరం దానితో ఆలోచిస్తామే గాని అది మన సొంతం కాదని అన్నాడాయన. ఆ మాటకు ఆయన పుస్తకాలు తగలబెట్టారు. సీ తుహామీ ఆ వాదాన్ని ఉత్సాహంగా సమర్థిస్తున్నారు.

లల్లా జకియ్యా బిల్లు కొడుతూ, "మనసు అందరికీ ఒక్కటే అయితే, ఇంట్లో ఏం నిండుకుందో నాకు తెలిసినప్పుడు నీకెందుకు తెలియదయ్యా?" అన్నారు.

"నీకు తెలుసుగా. ఇద్దరికీ సరిపోతుందని ఊరుకున్నా," అన్నారు ఆయన.

సీ అబ్దుస్సత్తార్‌కు నవ్వుతో చేప ముల్లు అడ్డుపడింది. వీపు మీద చరిచి తీయవలసి వచ్చింది.

అప్పుడే ఒకాయన బిడ్డను భుజాన వేసుకుని వచ్చాడు. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. వరుసగా మూతపడిన షాపుల ముందునుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడట. "తీసే ఉందమ్మా, అల్లా మేలు చేయాలి, తీసే ఉంది," అని అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. లల్లా జకియ్యా మందిచ్చారు. ఎలా వేయాలో రెండుసార్లు చెప్పారు. ఆయన వెళ్లిపోయాడు.

సీ తుహామీ చేతిలోని రొట్టె ముక్క అలాగే ఉంది. ఆయన గుమ్మంలోకి వెళ్లి, ఆ మనిషి వెళ్లిన వైపు చూశారు.

"ఆ న్యాయమూర్తి ఇంకో మాట కూడా అన్నాడు, సత్తార్. ఆలోచన ఎప్పటికీ పూర్తిగా ఆరిపోదట. ఏ కాలంలోనైనా, ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు ఈ ప్రశ్నలు అడుగుతూనే ఉంటారట. అది ప్రకృతి నియమమని రాశాడు. నాకది ఎప్పుడూ నచ్చలేదు. నియమమేంటి? ఎవరి డ్యూటీ వాళ్లు చేస్తే ఉంటుంది. మన ఊరి వంతు గురువారం మధ్యాహ్నం. ఎవడైనా పరుగెత్తుకుంటూ వస్తే తీసి ఉండాలి. మందు ఉందా లేదా తరువాతి సంగతి."

"నీ దగ్గర మందు ఏనాడుందిలే," అన్నారు సీ అబ్దుస్సత్తార్.

"లేదు. కానీ షాపు తీసే ఉంచాను."

మిత్రులారా, ఆ మనిషి నమ్మకమేమిటో నాకు తెలిసినంతవరకు ఇదే. విశ్వానికి మొదలు లేదన్న విషయంలో కూడా ఆయనకు ఇంత పట్టుదల లేదు.

ఆయన పోయిన తరువాతి గురువారం ఆ గది తలుపు తీసింది ఫర్దౌస్ కమ్మూన్. ఆమెకు ఉత్తర్వు లేదు, జీతం లేదు, తాళం చెవి కూడా నా దగ్గర సంతకం లేకుండా తీసుకున్నది. ఆ మొదటి పాఠానికి సీ అబ్దుస్సత్తార్ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆమె నోరు తెరిచిన దగ్గర్నుంచి వదల్లేదు.

"ఏం పిల్లా, నువ్వు కూడా విశ్వానికి మొదలు లేదనే అంటావా?"

"నేనేమీ అనను సీ అబ్దుస్సత్తార్. మీరు మొదలుందని రుజువు చేసేదాకా ఆగుతాను. తొందరేం లేదు. మొదలూ చివరా లేకపోతే నాకు కావలసినంత టైముంది. ఉంటే, తొందరపడాల్సింది మీరే."

తరగతి నవ్వింది. సీ అబ్దుస్సత్తార్ నవ్వలేదు. గంట కొట్టాక కారిడార్‌లో నాకు ఎదురై, "దానికేమీ తెలియదు. మొండి," అని వెళ్లిపోయారు. తరువాతి గురువారం మళ్లీ వెళ్లారు. ఆ తరువాతి గురువారం కూడా వెళ్లారు.

రద్దు విషయంలో ఆయన అభిప్రాయం రహస్యం కాదు. కిందటి వారం కాఫీ దగ్గర అందరి ముందూ చెప్పారు: "పోనీండయ్యా. ఆయనతోనే పోనీండి. మొదలున్న ప్రతిదానికీ చివరుంటుంది. ముప్పై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది అదే కదా." ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉన్నదో నేను మినిట్స్‌లో రాయలేదు. అది సమావేశం కాదు.

ఆయన మాటలో తర్కదోషం లేదు. ఆ పాఠం ముగిస్తే వెయ్యేళ్ల వాదంలో మన కళాశాల వరకు గెలుపు ఆయనదే అవుతుంది. ఎదుటి మూల ఖాళీ. కెటిల్ మొత్తం ఆయనదే. అంత స్పష్టమైన గెలుపు మన ప్రాంత చరిత్రలో ఎవరికీ దక్కలేదు.

ఇక నియమావళి.

రేపటి సమావేశానికి ఎవరూ రారు. ఇది విమర్శ కాదు, అనుభవం. కోరం లేకపోతే డీన్‌గారి ప్రతిపాదనలు ఆమోదం పొందినట్లే లెక్క. మన మండలిలో చాలా గొప్ప నిర్ణయాలు ఇలాగే జరిగాయి. అయితే అదే నియమావళిలో మరో నిబంధన ఉంది. వాడుకలో లేకపోయినా రద్దు కాలేదు. సభ్యుల్లో సగానికి మించి, కార్యదర్శితో సహా, ఒకే కప్పు కింద ఉంటే, ఏ కారణంగా కూడినా సరే, అది మండలి సమావేశమే. ముందు రెండు వరుసలు చూస్తున్నాను. మండలి సభ్యులు ఇంత సంఖ్యలో కలిసి కనిపించడం నా ఉద్యోగ జీవితంలో ఇదే మొదటిసారి. సీ తుహామీ మీద ప్రేమతో వచ్చారో, కుస్కుస్ మీద ప్రేమతో వచ్చారో నిబంధన అడగదు. డీన్‌గారూ, తమరు కూడా ఉన్నారు. తాళం నా దగ్గరే ఉన్న సంగతి కూడా మనవి చేసుకుంటున్నాను. బెదిరింపుగా కాదు, సమాచారం కోసం.

కనుక ఈ మండలి ముందు రెండో అంశం ఉంచుతున్నాను. మరుగుదొడ్లు వేచి ఉండగలవు. 'విశ్వం, ప్రకృతి, మనస్సు' అన్న పాఠం కొనసాగాలని, దానిని ఫర్దౌస్ కమ్మూన్ బోధించాలని ప్రతిపాదన. నియమావళిలో చేతులెత్తమని ఎక్కడా లేదు. అనుకూలురు లేచి నిలబడాలని, ప్రతికూలురు కూర్చుని ఉండాలని ఉంది.

సీ తుహామీ స్మృతికి మనమందరం మౌనంగా నిలబడబోతున్నాము. సభికులకు ఆ మౌనం మౌనమే. మండలి సభ్యులకు మాత్రం అది ఓటు కూడా. ఎవరైనా సభ్యుడు రద్దుకే అనుకూలమైతే నిశ్చింతగా కూర్చుని ఉండవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. లల్లా జకియ్యా కూర్చున్నది మీ ఎదురుగా అన్నది కేవలం కుర్చీల అమరిక.

ఇక నేను అడగబోయేది ఒక్కటే. దయచేసి...

సీ అబ్దుస్సత్తార్, నేనింకా అడగలేదు. మీ మోకాళ్లకు డాక్టరు ఏం చెప్పారో నాకు తెలుసు. కాసేపు కూర్చోండి. ఎవరైనా ఆయనకు చేయి అందించండి.

వద్దా?

సరే. వద్దన్నారు.

మండలి మొదటి ఓటు నమోదయింది. మిగిలినవారు దయచేసి లేచి నిలబడండి. గాలికి తలుపు కొట్టుకున్నా, చేపలవారు లోపలికి వచ్చినా, పిలుపు వినిపించేదాకా ఎవరూ మాట్లాడవద్దు.